కొబ్బరికాయ విమానం ఎక్కుతుందా?

పిల్లలూ! భావనపాడు, టెక్కలి, పలాస ప్రాంతాల నుంచి పని కోసం గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు చాలామంది ఉన్నారు. అలాంటి ఒక ఇంటి కుర్రవాడు, నాయనమ్మతో కలిసి, దుబాయిలో ఉన్న తండ్రిని చూడటానికి బయలుదేరుతున్నాడనుకుందాం. విమానం ఎక్కడం ఇద్దరికీ కొత్త. కొడుకు కోసం నాయనమ్మ ఉద్దానం కొబ్బరికాయలు రెండు, ఎండు కొబ్బరి చిప్పలు నాలుగు, పలాస జీడిపప్పు, ఆవకాయ, గసగసాలు సంచిలో సర్దింది. పైన తన అడ్డకత్తెర కూడా పెట్టుకున్నది. ఈ సంచి విమానం దాకా వెళుతుందా?

విమానాశ్రయంలో మొదట గుమ్మం దగ్గరే కాపలావారు టిక్కెట్టూ పాస్‌పోర్టూ చూస్తారు. మన దేశంలోనే తిరిగేవారికి ఆధార్ కార్డు వంటి గుర్తింపు కాగితం చాలు. లోపల పెద్ద పెట్టెను విమాన సంస్థవారికి అప్పగించాలి. అది విమానం అడుగుభాగాన వెళుతుంది. మన వెంట ఉండేది చేతిసంచి ఒక్కటే. ఆ తర్వాత వచ్చేదే భద్రతా తనిఖీ.

ఇంత తనిఖీ ఎందుకని అడుగుతారేమో! 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీకి వస్తున్న మన విమానాన్ని దుండగులు దారి మళ్ళించారు. ఒక ప్రయాణికుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత, 2000 నుంచి, మన విమానాశ్రయాల కాపలాను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగిస్తూ వచ్చారు. అక్కడి జవాన్లు మనల్ని దొంగలనుకుని వెతకరు. అందరూ క్షేమంగా దిగాలని వెతుకుతారు.

తనిఖీ దగ్గర చేతిసంచినీ, సెల్‌ఫోనునూ, జేబులోని చిల్లర డబ్బులనూ, బెల్టునూ ట్రేలో పెట్టాలి. ట్రే ఒక పెట్టెలోంచి దూరి పోతుంది. అందులో 1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన ఎక్స్ కిరణాలుంటాయి. సంచి విప్పకుండానే లోపలి వస్తువులు తెరమీద కనిపిస్తాయి: తిండి పదార్థాలు, బట్టలు నారింజ రంగులోనూ, ఇనుప వస్తువులు నీలం రంగులోనూ! జీడిపప్పుకు ఆ కిరణాల వల్ల ఏ హానీ ఉండదు.

మనం మాత్రం ఒక ద్వారంలోంచి నడవాలి. దాని చట్రంలో తీగచుట్టలున్నాయి. వాటిలో విద్యుత్తు మారుతూ ప్రవహించి, చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని కలిగిస్తుంది. జేబులో నాణెం ఉందంటే అందులోనూ చిన్న విద్యుత్ప్రవాహం పుడుతుంది. యంత్రం దాన్ని పసికట్టి కూస్తుంది. కూసిందని భయపడకండి, మరొకసారి చూసి పంపించేస్తారు. ఆడవారిని ఆడ జవాన్లే, తెరచాటున తనిఖీ చేస్తారు. గుండెలో యంత్రం పెట్టించుకున్నవారూ, కాలిలో ఇనుప కడ్డీ ఉన్నవారూ ఆ సంగతి ముందుగానే చెప్పాలి. అక్కడ వేళాకోళానికైనా బాంబు మాట ఎత్తకూడదు. ఎత్తితే ప్రయాణం ఆగిపోవచ్చు.

ఇక నాయనమ్మ సంచి సంగతి. ఎండు కొబ్బరి అసలు పనికిరాదు. అందులో సగానికి పైగా నూనే! కుప్పగా మూసి ఉంచితే గాలితో కలిసి తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం దానికుంది. అందుకే ప్రపంచమంతటా దాన్ని ప్రమాదకరమైన సరుకుల జాబితాలో చేర్చారు. కొబ్బరికాయనైతే మామూలుగా చేతిసంచిలో తీసుకుపోనివ్వరు. 2024లో శబరిమల యాత్రికుల ఇరుముడి కోసం 2025 జనవరి 20 దాకా ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారంటే, నియమం ఎంత గట్టిదో చూడండి! పెద్ద పెట్టెలో పెట్టవచ్చునేమో విమాన సంస్థవారినే ముందుగా అడగాలి.

ఆవకాయ, అడ్డకత్తెర పెద్ద పెట్టెలోకి పోవాలి. విదేశాలకు వెళ్ళే విమానంలో చేతిసంచిలోని ద్రవాలు ఒక్కొక్క సీసాలో 100 మిల్లీలీటర్లకు మించరాదు. సెల్‌ఫోనుకు విద్యుత్తు అందించే పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. దానిలోని బ్యాటరీ అంటుకుంటే, కళ్ళెదుట ఉన్నప్పుడే ఆర్పగలరు. అడుగున ఉంటే ఎవరు చూస్తారు?

అన్నిటికన్నా పెద్ద చిక్కు గసగసాలతో! మన వంటింట్లో అవి మసాలా దినుసు. కాని దుబాయి ఉన్న దేశంలో వాటిని మత్తు పదార్థాల కింద నిషేధించారు. తెలియక తెచ్చామంటే అక్కడి చట్టం ఒప్పుకోదు. కనుక అవి ఇంట్లోనే ఉండాలి. అలాగే, ఎవరైనా, ఎంత తెలిసినవారైనా, “ఈ పొట్లం మా వాడికి ఇచ్చెయ్యండి,” అంటే, విప్పి చూడకుండా పుచ్చుకోవద్దు. మన సంచిలో ఉన్నదానికి మనమే జవాబుదారులం.

చివరకు నాయనమ్మ చేతిసంచిలో మిగిలినవి జీడిపప్పు, పవర్ బ్యాంకు, కాగితాలు. మన దేశంలో తిరిగే విమానానికి రెండు గంటలు, విదేశీ విమానానికి మూడు గంటలు ముందుగా విమానాశ్రయం చేరుకోవాలి. పలాస నుంచి విశాఖ వైపు వెళ్ళినా, భువనేశ్వరం వైపు వెళ్ళినా రైలు ఆలస్యం కావచ్చునని కూడా లెక్క వేసుకోవాలి.

మీ ఇంట్లో ఎవరైనా మొదటిసారి విమానం ఎక్కబోతుంటే, ముందురోజు రాత్రి మీరే పక్కన కూర్చుని సంచి సర్దించండి. ఏది ఎందుకు వద్దో చెప్పండి. కారణం తెలిస్తే ఎండు కొబ్బరి తీసి పక్కన పెట్టడానికి ఏ నాయనమ్మా బాధపడదు!