సింకు దాటిన తరువాత: విద్యార్థి పరిశోధనల్లో సేంద్రియ కర్బన విశ్లేషణ, పర్యావరణ బాధ్యత

పచ్చిరొట్ట ఎరువుల వల్ల నేలలో సేంద్రియ కర్బనం ఎంత పెరుగుతుందన్న అంశంపై స్నాతకోత్తర పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని, కొన్నేళ్ల క్రితం ఫ్లాస్కులు కడుగుతూ నన్ను అడిగింది: "సార్, ఇదంతా ఎక్కడికి పోతుంది?" నా వద్ద సమాధానం లేదు. ఇద్దరం సింకు గొట్టం వెంట భవనం వెనుకకు వెళ్లి చూశాం. అది మురుగు కాలువలో కలిసి, కొంత దూరం పోయి గడ్డి మొలిచిన ఒక పల్లంలో ఇంకిపోతున్నది. విద్యార్థి దశలో నేను కూడా అదే విధంగా వందల ఫ్లాస్కులు ఖాళీ చేశాను. ఒక నేల ఆరోగ్యాన్ని కొలిచే పనిలో మరొక నేలను పాడుచేస్తున్నామన్న ఆలోచన అంతవరకు నాకు రాలేదు.

ప్రయోగశాలల సుస్థిరత అనగానే విద్యుత్తు, కాగితం, ప్లాస్టిక్ గుర్తుకు వస్తాయి. అవి అవసరమే. అయితే సేద్య విజ్ఞాన, మృత్తికా శాస్త్ర విద్యార్థులు అత్యధికంగా చేసే ఒకే ఒక్క విశ్లేషణను పరిశీలిస్తే, అసలు పొదుపు ప్రయోగశాలలో కాక పరిశోధన ప్రణాళికలోనే మొదలుకావాలని స్పష్టమవుతుంది.

ఒక నమూనాకు అయ్యే ఖర్చు

వాక్లీ, బ్లాక్ 1934లో ప్రతిపాదించిన పద్ధతిలో ఒక గ్రాము మట్టికి 10 మి.లీ. 1 నార్మల్ పొటాషియం డైక్రోమేట్, 20 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలుపుతాము. తరువాత 200 మి.లీ. నీరు, ఫాస్ఫారిక్ ఆమ్లం, డైఫినైల్ అమీన్ సూచిక చేర్చి ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో అంశమాపనం చేస్తాము. ఈ లెక్కన ఒక్కో నమూనాకు 0.17 గ్రాముల క్రోమియం, దాదాపు పావు లీటరు ఆమ్ల వ్యర్థం మిగులుతాయి. వంద నమూనాలకు 17 గ్రాముల క్రోమియం, 2 లీటర్ల గాఢ ఆమ్లం ఖర్చవుతాయి.

మన దేశంలో ఉపరితల జలాల్లోకి వదిలే వ్యర్థ జలాల్లో మొత్తం క్రోమియం లీటరుకు 2 మి.గ్రా., ఆరు సంయోజకత గల క్రోమియం 0.1 మి.గ్రా. మించరాదు. వంద నమూనాల క్రోమియం మొదటి పరిమితికి లోబడాలంటే ఎనిమిదిన్నర వేల లీటర్లకు పైగా నీరు కావాలి. నీరు పోసి పలుచన చేయడం శుద్ధి కాదు. పరిమాణాన్ని ఊహించడానికే ఈ లెక్క.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. అంశమాపనం ఆకుపచ్చ రంగుతో ముగిసేసరికి ఫ్లాస్కులోని క్రోమియం దాదాపు అంతా మూడు సంయోజకత గల రూపంలోకి మారుతుంది. ఇది తక్కువ విషపూరితం. క్యాన్సర్ కారకమైన ఆరు సంయోజకత గల రూపం ప్రధానంగా మిగిలిపోయిన డైక్రోమేట్ ద్రావణంలోను, పిపెట్లు కడిగిన నీటిలోను, మధ్యలో పారబోసిన నమూనాలలోను ఉంటుంది. అంటే నారింజ రంగు ద్రావణాన్ని సింకులో పోయడమే అన్నింటికంటే పెద్ద తప్పు. ఆకుపచ్చ వ్యర్థమూ నిరపాయకరం కాదు. అందులో తీవ్రమైన ఆమ్లత్వం ఉంటుంది. పైగా నేలలోని మాంగనీస్ ఆక్సైడ్లు మూడు సంయోజకత గల క్రోమియంలో కొంత భాగాన్ని తిరిగి ఆరు సంయోజకత గల రూపంలోకి మార్చగలవు.

ప్రణాళికలోనే పొదుపు

పది ప్రయోగాంశాలు, మూడు పునరావృతులు గల ఒక క్షేత్ర ప్రయోగాన్ని ఊహించండి. ముప్పై మళ్లలో రెండు లోతుల్లో, పంట మూడు దశల్లో నమూనాలు తీసి, ప్రతిదాన్ని రెండుసార్లు విశ్లేషిస్తే మొత్తం 360 విశ్లేషణలు. అంటే 62 గ్రాముల క్రోమియం, 7.2 లీటర్ల గాఢ ఆమ్లం.

లభ్య నత్రజనిని పంట దశలవారీగా కొలవడంలో అర్థం ఉంది. సేంద్రియ కర్బనం అలా కాదు. ఒకే పంటకాలంలో దానిలో వచ్చే మార్పు చాలా సందర్భాల్లో నమూనా సేకరణ దోషం కంటే తక్కువ. పూత దశలో తీసిన కర్బన విలువ సిద్ధాంత గ్రంథంలో ఒక పట్టికను పెంచుతుందే గాని ఏ ప్రశ్నకూ జవాబు చెప్పదు. విత్తే ముందు పునరావృతికి ఒకటి చొప్పున రెండు లోతుల్లో 6 మిశ్రమ నమూనాలు, కోత తరువాత 60 నమూనాలు, ప్రతి పదింటిలో ఒకదానికి రెండో విశ్లేషణ చాలు. మొత్తం 73. వీటిని సగం పరిమాణంలో చేస్తే క్రోమియం 6.3 గ్రాములకు, ఆమ్లం 730 మి.లీ.కు తగ్గుతాయి. బ్లాంకు పరీక్షలను రెండు లెక్కల్లోనూ చేర్చలేదు. వ్యర్థం పదో వంతుకు తగ్గింది. పరిశోధన ప్రశ్న మాత్రం చెక్కుచెదరలేదు.

సగం పరిమాణం: పాటించవలసిన జాగ్రత్తలు

అర గ్రాము మట్టి, 5 మి.లీ. డైక్రోమేట్, 10 మి.లీ. ఆమ్లంతో విశ్లేషణ సాధ్యమే. కానీ అన్నింటినీ సగం చేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు.

ఒకటి, నమూనా తగ్గేకొద్దీ మట్టి మరింత మెత్తగా, ఏకరీతిగా ఉండాలి. 0.2 మి.మీ. జల్లెడ పట్టడం మంచిది.

రెండు, ఈ పద్ధతి ఆమ్లం కలిపినప్పుడు పుట్టే వేడిపై ఆధారపడుతుంది. తక్కువ ద్రావణం పెద్ద ఫ్లాస్కులో త్వరగా చల్లారి ఆక్సీకరణం తగ్గుతుంది. కాబట్టి 500 మి.లీ.కు బదులు 250 మి.లీ. ఫ్లాస్కు వాడి, అరగంట సమయాన్ని ఖచ్చితంగా పాటించాలి.

మూడు, అంశమాపనంలో ఖర్చయ్యే ద్రావణం సగమైతే రీడింగు దోషం ప్రభావం రెట్టింపవుతుంది. సన్నని విభాగాలు గల చిన్న బ్యూరెట్ వాడాలి.

నాలుగు, మారే ముందు మన ప్రాంతపు ఎర్ర, నల్లరేగడి నేలల నుంచి కనీసం ఇరవై నమూనాలను రెండు విధాలా విశ్లేషించి ఫలితాలను పోల్చుకోవాలి.

డైక్రోమేట్ ద్రావణం మూత బిగించిన సీసాలో చాలాకాలం నిలుస్తుంది. విద్యార్థికొక లీటరు చొప్పున తయారు చేసి సగం పారబోసే అలవాటు మాని, విభాగమంతటికీ ఒకే ద్రావణం ఉంచుకోవచ్చు. ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ గాలికి ఆక్సీకరణం చెందుతుంది కనుక దానిని మాత్రం అవసరానికి తగినంతే చేసుకోవాలి.

ప్రత్యామ్నాయాలు, పరిమితులు

మట్టిని కొలిమిలో కాల్చి బరువు తగ్గుదలను కొలిచే పద్ధతికి రసాయనాలు అక్కరలేదు. అయితే బంకమన్ను ఖనిజాల్లోని నీరు కూడా కోల్పోవడం వల్ల నల్లరేగడిలో సేంద్రియ పదార్థం ఎక్కువగా కనిపిస్తుంది. స్థానిక క్రమాంకనం లేకుండా వాడరాదు. పొడి దహన యంత్రం మొత్తం కర్బనాన్ని కొలుస్తుంది. సున్నం గల నేలల్లో కార్బొనేట్ కర్బనాన్ని విడిగా కొలిచి తీసివేయాలి. ఏ పద్ధతీ అన్ని నేలలకూ సరిపోదని విద్యార్థి తెలుసుకోవడం కూడా శిక్షణలో భాగమే.

మిగిలిన వ్యర్థాన్ని ఏం చేయాలి?

నారింజ, ఆకుపచ్చ వ్యర్థాలను పేరు, తేదీ రాసిన వేర్వేరు డబ్బాల్లో సేకరించాలి. సాంకేతిక సిబ్బంది పర్యవేక్షణలో, ఆమ్ల స్థితిలోనే ఫెర్రస్ సల్ఫేట్ కలిపి నారింజ రంగు పూర్తిగా పోయేలా చేయాలి. తరువాత నెమ్మదిగా సున్నం చేర్చి ఉదజని సూచికను 8–9కి పెంచితే క్రోమియం హైడ్రాక్సైడ్‌గా అడుగుకు చేరుతుంది. పై ద్రవాన్ని పరీక్షించిన తరువాతే వదలాలి. మడ్డిని 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం అధీకృత కేంద్రానికి అప్పగించాలి.

అయితే వంద నమూనాల్లోని ఆమ్లాన్ని తటస్థీకరించడానికే సుమారు 2.7 కిలోల పొడి సున్నం పట్టి, 6 కిలోల వరకు జిప్సం ఏర్పడుతుంది. క్రోమియం కలిసిన ఆ జిప్సం చౌడు నేలలకు పనికిరాదు. శుద్ధి కూడా కొత్త వ్యర్థాన్ని పుట్టిస్తుంది కాబట్టే, పుట్టకుండా చూడటమే మేలు.

ముగింపు

2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య కార్డు పథకంలోని 12 అంశాల్లో సేంద్రియ కర్బనం ఒకటి. నేటి విద్యార్థులే రేపు భూసార పరీక్షా కేంద్రాలను నడుపుతారు. ఇక్కడి అలవాటు అక్కడికీ వెళుతుంది. కాబట్టి పరిశోధన ప్రణాళికను ఆమోదించేటప్పుడు సలహా సంఘం ప్రతి విశ్లేషణకూ మూడు ప్రశ్నలు వేయాలని నా సూచన: ఈ విలువ ఏ ప్రశ్నకు జవాబు? ఎన్ని నమూనాలు చాలు? మిగిలేది ఎక్కడికి పోతుంది?

మూడో ప్రశ్న నాది కాదు, ఆ విద్యార్థినిది. తన సిద్ధాంత గ్రంథం చివర వాడిన రసాయనాలు, మిగిలిన వ్యర్థం, దానిని శుద్ధి చేసిన తీరు తెలిపే ఒక పుటను ఆమె స్వయంగా చేర్చింది. నిబంధనల్లో అలాంటి పుట లేదు. అప్పటి నుంచి నా విద్యార్థులందరి గ్రంథాల్లో అది ఉంటున్నది.