సర్కారు పెట్టిన పేరు

2023లో 'టైగర్ నాగేశ్వరరావు' సినిమా టీజర్ బాపట్ల దగ్గరి స్టూవర్టుపురాన్ని దక్షిణ భారతదేశపు నేరాల రాజధానిగా పరిచయం చేసింది. ఊరినీ, ఎరుకల కులాన్నీ కించపరిచారంటూ వ్యవహారం హైకోర్టుకెక్కింది. కోర్టు నిర్మాతకు నోటీసు ఇచ్చింది. అక్టోబరులో సినిమా విడుదలైంది. మధ్యలో అలవాటైన వాదనే నడిచింది: ఒకరు భావప్రకటన స్వేచ్ఛ అన్నారు, ఇంకొకరు మనోభావాలన్నారు. చాలామంది మాత్రం నిప్పు లేనిదే పొగ రాదుగా అని తేల్చేశారు.

నిప్పు ఉంది. నాగేశ్వరరావు అనే దొంగ నిజంగానే ఉన్నాడు, అలాంటి వాళ్ళు ఇంకొందరూ ఉన్నారు. ఆ నిప్పు ఎవరు రాజేశారన్నదే ఎవరికీ పట్టని సంగతి.

రైలు రాకముందు కోస్తా ఉప్పును మెట్ట ఊళ్ళకు చేర్చిన వాళ్ళలో ఎరుకలవాళ్ళు ముఖ్యులు. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని లోపలికి వెళ్ళేవారు, ధాన్యం వేసుకుని తిరిగొచ్చేవారు. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల అంటూ వాళ్ళలోని ఈ శాఖల పేర్లు చేసే పనిని బట్టి వచ్చినవే. అడవిలో వెదురు కొట్టి బుట్టలు, తట్టలు అల్లేవారు, పందులు మేపేవారు, ఆడవాళ్ళు సోది చెప్పేవారు. రైలు మార్గాలు పడ్డాక సరుకు బండెక్కింది. ఉప్పు మీద సర్కారు పెత్తనం బిగిసింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో వెదురుకూ ఆంక్షలొచ్చాయి. వీటి నడుమే 1876-78 కరువు. బతుకుతెరువు తెగి ఊరూరా తిరిగే మనిషిని పోలీసు అనుమానంగా చూడటానికి ఇంకేం కావాలి! పరిశోధకురాలు మీనా రాధాకృష్ణ 'డిజానర్డ్ బై హిస్టరీ' అనే పుస్తకంలో ఈ వరసనంతా పాత ప్రభుత్వ కాగితాల్లోంచే తవ్వి చూపించారు.

ఇక చట్టం సంగతి. నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తర భారతంలో మొదలైంది, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది దాని వెనకున్న ఆలోచన. మన కులవ్యవస్థను చూసి దొరలు నేర్చుకున్న పాఠమది. అందుకే మనవాళ్ళకూ అది వింతగా తోచలేదు. సర్కారు ఒక తెగ పేరును గెజిట్‌లో ప్రకటిస్తే చాలు. ఆ తెగలో వాళ్ళను పేరుపేరునా రిజిస్టరులో ఎక్కించవచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు, రోజూ హాజరు వేయించుకోవచ్చు. ఊరు దాటాలంటే పాసు కావాలి. దొంగతనం చేశావా అని అడిగే పనే లేదు, పుట్టుకే రుజువు.

ఇందులో ఒక సెక్షను దగ్గర ఆగాలి. ఆ ప్రకటన చెల్లుతుందో లేదో ఏ కోర్టూ విచారించకూడదని చట్టంలోనే రాసిపెట్టారు. లక్షల మందిని దొంగలన్న మాట సర్కారుది, ఆ మాటకు అడ్డు చెప్పే చోటు మాత్రం ఎక్కడా లేదు. ద్వేష ప్రసంగం గురించి మనం ఇప్పుడు ఎంతో మాట్లాడుకుంటున్నాం. ఈ నేలమీద అలాంటి మాటల్లో అన్నిటికన్నా ఎక్కువ మందిని కాల్చినది ఏ వీధి నాయకుడి నోటినుంచో రాలేదు, రాజముద్రతో అచ్చయింది.

బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ మిషనరీలు ఈ చట్టం కిందే 1913 ప్రాంతంలో ఎరుకలవాళ్ళకు సెటిల్‌మెంటు పెట్టారు. గవర్నరు కౌన్సిల్లో సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరే ఊరిపేరయింది. కొందరికి భూమి దక్కింది, కొందరు చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలికి కుదిరారు. ఉద్ధరణ అన్నారు. పాసు లేకుండా బయటికి పోనివ్వని ఉద్ధరణ అది. మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో రద్దయింది, దేశమంతటా 1952లో. పేరు పోయిందేగాని పద్ధతి పోలేదు. 1948లో మద్రాసులో, 1962లో ఆంధ్రప్రదేశ్‌లో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. తెగ అన్న మాట తీసేసి వ్యక్తి అన్నారు, స్టేషన్లో చూపు మాత్రం పాత రిజిస్టరు మీదే. డెబ్బయిల్లో సంఘసంస్కర్తలు హేమలతా లవణం, లవణం దంపతులు ఊళ్ళోకి వెళ్ళి కూర్చుని, దొంగతనం మానిన వాళ్ళకు ఆసరా వెతికారు. దళిత కవి గుర్రం జాషువా కూతురైన హేమలతకు వెలి అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

సినిమా ఈ కథలోకి ఆఖరున వచ్చింది. 1991లో ఊరి పేరుతో ఒకేసారి రెండు సినిమాలొచ్చాయి, 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టూవర్టుపురం దొంగలు'. బాపట్ల కాలేజీలో చేరిన ఆ ఊరి కుర్రాడు మీదేవూరంటే చీరాల దగ్గరని చెప్పి ఊరుకోవడానికి ఆ పోస్టర్లు కొంత కారణం. కొంతే. దర్శకులు కొత్త అబద్ధమేదీ కల్పించలేదు. గెజిట్ మూడున్నర దశాబ్దాల పాటు నేర్పిన దాన్నే పాటలు, ఫైట్లు కలిపి తిరిగి అమ్మారు.

మరి హద్దు ఎక్కడ? రాజ్యాంగం 19(1)(ఎ)లో స్వేచ్ఛ ఇచ్చి 19(2)లో ఆంక్షలకు దారి పెట్టింది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(యు) ప్రకారం షెడ్యూల్డు కులాల, తెగల మీద మాటతోగానీ దృశ్యంతోగానీ ద్వేషం పెంచడం నేరం. ఎరుకలవాళ్ళు ఎస్టీలే. అంటే చట్టం లేదనే వాదన చెల్లదు. ఎవరో గొడవ చేస్తారన్న భయంతో సినిమాను ఆపకూడదని 1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటా ఉంది. అదీ సబబే. ఒక దొంగ కథ చెప్పుకోండి, కావాలంటే వాణ్ణి హీరోను చెయ్యండి. ఊరంతా, కులమంతా పుట్టుకతోనే అంతేనన్న దగ్గర మాత్రం కథ అయిపోయి నేరారోపణ మొదలవుతుంది. నా లెక్కలో గీత అక్కడ పడాలి. ఆ గీత దాటిన వాక్యాన్ని కోర్టులో నిలదీయాలి. ఏకంగా సినిమాలే నిషేధించమని సర్కారు చేతికి కత్తెర ఇవ్వడం మాత్రం నాకు మింగుడుపడదు. ఆ రిజిస్టరు రాసింది ఆ చెయ్యే.

ఆ చెయ్యి రాసిన రాతనూ ప్రశ్నించే రోజు చాలా ఆలస్యంగా వచ్చింది. జైలు మాన్యువళ్ళలో కొన్ని కులాలను పుట్టు నేరస్థులుగా చూసే నిబంధనలు మొన్నమొన్నటిదాకా ఉన్నాయి. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. ఒకప్పుడు నేరస్థ తెగలన్న ముద్ర పడ్డ విముక్త తెగల వాళ్ళను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చెయ్యొద్దని పోలీసులకు గుర్తుచేసింది. మాన్యువళ్ళు సవరించడానికి రాష్ట్రాలకు 3 నెలల గడువిచ్చింది. ఒక టీజర్ వాక్యం మీద అంత వాదులాడుకున్న మనం, ఈ తీర్పు గురించి మాట్లాడుకున్నది చాలా తక్కువ.