మూలన పడ్డ హార్మోని పెట్టె మళ్లీ పలకాలంటే

అనంతపురం జిల్లా విడపనకల్లు వైపు ఏ పాత మిద్దెలోనో, ఏ భజన గుడి అటక మీదో, చిరిగిన దుప్పటి కింద ఒక హార్మోని పెట్టె దొరికిందనుకుందాం. మూత తెరిస్తే మట్టి వాసన, ఎలుక పెంటికలు. తిత్తి లాగితే గాలి బుస్సుమని ఎటో పోతుంది. మెట్టు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. "అది పలికేది కాదు లేప్పా, పొయ్యిలో పెట్టుకోండి" అని ఇంటి పెద్దాయన తేల్చేస్తాడు. ఆ మాట విని పెట్టెను వదిలేయకండి.

హార్మోనియంలో రెండు రకాల సరుకు ఉంటుంది. తోలు, గుడ్డ, ఉన్ని, స్ప్రింగులు అరిగి చిరిగిపోయేవి. కర్ర పెట్టె, ఇత్తడి రీడ్లు తరాలు నిలిచేవి. పెట్టె మూగబోయిందంటే చాలాసార్లు మొదటి రకం పోయిందనే అర్థం. వాటిని మార్చుకోవచ్చు. రెండో రకాన్ని మాత్రం తెలియక చెడగొట్టామా, తిరిగి తెచ్చుకోలేం. పాత వాద్యాన్ని బాగుచేయడంలో అసలు కిటుకు ఈ తేడాను తెలుసుకోవడమే.

ఈ పెట్టె ఇక్కడికెలా వచ్చింది?

హార్మోనియం పేరుతో పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ పేటెంటు తీసుకున్నది 1842లో. అది కుర్చీలో కూర్చుని కాళ్లతో తొక్కే పెద్ద వాద్యం. మనవాళ్లది నేల మీద కూర్చుని పాడే అలవాటు. అందుకు తగ్గట్టు ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ మరో చేత్తో వాయించే చిన్న పెట్టెను 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ రూపొందించాడు. ఆయన సంస్థ ద్వార్కిన్.

మన వైపు ఈ పెట్టెకు పీట వేసింది నాటకం. 1882లో విడిపోయేదాకా అనంతపురం ప్రాంతమంతా బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆ బళ్లారిలో వకీలుగా ఉంటూ నాటకాలు రాసి ఆడించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912), పాత్రల చేత పాటలూ పద్యాలూ పాడించి తెలుగు రంగస్థలం నడక మార్చారు. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ (1880–1946) సహజ నటనకు పేరుపడ్డారు. అయినా ఊళ్లలో జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టింది పద్యమే. మైకులు లేని రోజుల్లో ఆరుబయట పందిరి కింద నటుడి గొంతుకు దన్నుగా నిలిచి, వెనక వరుసదాకా వినిపించే శ్రుతి కావాలి. ఆ పని హార్మోని చేసింది. నాటకాల వాళ్లలో కాళ్లతో తొక్కేదాన్ని వాడినవారూ ఉన్నారు. దానితో రెండు చేతులూ మెట్లకే మిగులుతాయి.

గమకాలు పలకవని సంగీతజ్ఞులు ఈ పెట్టెను తప్పుపట్టారు. 1940లో ఆల్ ఇండియా రేడియో దీన్ని నిషేధించింది. 1971లో గానీ ఆ పట్టు సడలలేదు. ఊరి భజనకు, నాటకానికి ఆ నిషేధంతో పని పడలేదు.

లోపల ఏముంది?

ఇత్తడి పలక మీద ఒక సన్నటి చీలిక. దాని మీద ఇత్తడి నాలుక. నాలుక ఒక కొసను పలకకు బిగించి ఉంటారు, రెండో కొస వదులుగా ఆడుతుంది. గాలి తోసుకుపోయినప్పుడు నాలుక అదిరి స్వరం పుడుతుంది. రీడు అంటే ఇదే. మౌతార్గాన్‌లో ఉన్నదీ ఇదే ఏర్పాటు. నాలుక పొడుగ్గా, బరువుగా ఉంటే మంద్రం. పొట్టిగా, పలచగా ఉంటే తారం.

ఇక గాలి సంగతి. మన చేత్తో ఆడించే పైతిత్తి గాలిని లోపలి తిత్తిలోకి నెడుతుంది. లోపలి తిత్తిని స్ప్రింగులు అదిమి పట్టి ఉంచుతాయి కాబట్టి గాలి ఒక్క తీరున వెళుతుంది. ముందున్న గుబ్బ లాగితే ఆ గాలి రీడ్ల అరలోకి చేరి కాచుకుని ఉంటుంది. మెట్టు నొక్కగానే దాని వెనక కొస లేచి కింది రంధ్రం తెరుచుకుంటుంది. గాలి రీడును తాకి బయటపడుతుంది. 42 మెట్ల పెట్టెలో రెండు వరుసల రీడ్లుంటే 84 నాలుకలు. మూడు వరుసలుంటే 126.

కరువు నేల చేసిన మేలు, కీడు

అనంతపురంలో ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. ఈ పొడి గాలి వాద్యానికి రెండు రకాలుగా పనిచేస్తుంది. సముద్రతీరంలో ఉప్పుగాలికి ఇనుప స్ప్రింగులు తుప్పుపడతాయి, ఇత్తడి చిలుముపడుతుంది. ఇక్కడ ఆ బాధ తక్కువ. అందుకే పైకి పాడుపడినట్టున్న పెట్టెలో కూడా రీడ్లు మెరుస్తూ కనిపించవచ్చు. అదే పొడి గాలి ఎండాకాలంలో చెక్కలోని తడిని పీల్చేస్తుంది. రీడ్లు బిగించిన పలక వెంట్రుకవాసి పగులుతుంది. తోలు అప్పడంలా పెళుసవుతుంది. ఆ సందుల్లోంచి గాలి జారిపోతుంది. రీడ్లు పాడైపోయాయనుకుంటాం గానీ అసలు వాటిదాకా గాలే చేరడం లేదు.

విప్పే ముందు

తిత్తిని గట్టిగా ఆడించి పరీక్షించకండి. పెళుసెక్కిన మడతలు అప్పుడే చిరుగుతాయి. స్క్రూడ్రైవర్ కంటే ముందు ఫోను తీయండి. ఒక్కో భాగం ఊడదీసే ముందు ఒక ఫొటో. మెట్లు తీయాల్సివస్తే ప్రతిదాని వెనకా పెన్సిల్‌తో వరుస సంఖ్య వేయండి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి గానీ, ఒక మెట్టు ఇంకో మెట్టు తావులో ఇమడదు.

దుమ్ము దులపడానికి మెత్తటి పొడి బ్రష్షు చాలు. తడిగుడ్డ వద్దు. చెదలు, పురుగు తొలిచిన బెజ్జాలు ఉన్నాయేమో చూడండి. చెక్క గుల్లబారి ఉంటే ముందు వడ్రంగి పని, తర్వాతే వాద్యం పని. లోపల అతికించిన కాగితపు చీటీ, చెక్క మీద ముద్ర, రీడ్ల మీద కొట్టిన అక్షరాలు చెరిగిపోకుండా చూసుకోండి. పారిస్‌లోని కాస్రియెల్ వంటి సంస్థల నుంచి హార్మోనియాలు మన దేశానికి దిగుమతి అయిన కాలం ఒకటుంది. పెట్టె పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవి ఆ గుర్తులే.

గాలి నిలవాలి

గుబ్బలన్నీ మూసేసి తిత్తితో గాలి నింపి వదలండి. లోపలి తిత్తి నెమ్మదిగా తగ్గితే పెట్టె బాగున్నట్టు. గబుక్కున కూలితే ఎక్కడో కన్నముంది. చీకటి గదిలో తిత్తి లోపల చిన్న లైటు పెట్టి చూస్తే మడతల్లోని చిల్లులు చుక్కల్లా కనిపిస్తాయి.

మడతల మూలలకు పలచటి మెత్తని తోలు కావాలి. తోలుబొమ్మలకు పేరుపొందిన నిమ్మలకుంట మనకు దగ్గరే కదా, ఆ తోలు సరిపోదా అని అనిపించవచ్చు. సరిపోదు. బొమ్మకు వాడే మేకతోలు దీపం వెలుగు చొరబడేలా గీకి ఆరబెట్టింది. గట్టిగా నిలబడుతుంది, మడిస్తే విరుగుతుంది. పెట్టెకు కావలసింది పదును చేసిన తోలు, వేలసార్లు మడిచినా ఒదిగేది.

అతికించే బంక విషయంలో తొందరపడకూడదు. యూరప్‌లో పాత డబుల్ బాస్‌లను, అంటే మనిషి కంటే ఎత్తుండే మంద్రస్వరపు తీగవాద్యాలను, బాగుచేసేవాళ్లు ఇప్పటికీ జంతువుల తోలు ఉడికించి తీసిన బంకనే వాడతారు. వెచ్చటి తడి తగిలిస్తే అది వదులుతుంది. ఎన్నేళ్ల తర్వాతైనా అతుకు విప్పి లోపలి పని చేసుకోవచ్చు. బజారులో దొరికే తెల్ల బంక ఒకసారి బిగిస్తే అతుకు దగ్గర చెక్కే చీలుతుంది. గట్టిదనం కంటే విప్పుకునే వీలు ముఖ్యం.

మొండికేసిన మెట్టు

గాలి నిలిచాక కూడా ఏదైనా స్వరం పలకకపోతే ఆ రీడును అనుమానించవచ్చు. అప్పుడు కూడా మొదటి అనుమానం దుమ్ము మీదే. నాలుక కింద ఒక నలుసు ఇరుక్కున్నా నోరు కట్టేసినట్టే. పలచటి కాగితం ముక్కను సందులో దూర్చి మెల్లగా లాగితే చాలాసార్లు స్వరం తిరిగొస్తుంది. జరజరమని వినిపిస్తే నాలుక పక్కకు జరిగి పలక అంచును రాస్తోంది. నూనె చుక్క మాత్రం వేయకండి. దానికి దుమ్ము పట్టి, ఉన్న గొంతు కూడా పోతుంది. నాలుక విరిగితే కొత్త రీడు వేయాల్సిందే. గుజరాత్‌లోని పాలిటానా రీడ్ల తయారీకి పేరున్న ఊరు.

శ్రుతి: చెయ్యి ఆపుకోవాల్సిన చోటు

స్వరం కాస్త తగ్గితే నాలుక కొసను పిసరంత గీకుతారు. కొస తేలికై స్వరం పెరుగుతుంది. స్వరం ఎక్కువైతే బిగించిన మొదలు దగ్గర గీకుతారు. అక్కడ పలచబడి స్వరం తగ్గుతుంది. పెరగడానికైనా తగ్గడానికైనా లోహం పోవడమే తప్ప వచ్చేది లేదు. పది మంది పది సార్లు గీకిన రీడు ఒకరోజు పుటుక్కున విరుగుతుంది.

అందుకే గీకే ముందు వినండి. ఒకే స్వరానికి రెండు రీడ్లు కలిపి పలికించినప్పుడు ఒకటి సెకనుకు 440 సార్లు, ఇంకోటి 438 సార్లు అదిరితే సెకనుకు రెండు అలలు వినిపిస్తాయి. కొట్టొచ్చినట్టు వినిపించే అలలనే సరిచేయాలి.

ఫోనులోని శ్రుతి యాప్ మీద గుడ్డి నమ్మకం కూడా పనికిరాదు. ఇప్పటి కొలత ప్రకారం ఆరు శ్రుతి (A స్వరం) సెకనుకు 440 అదురులు. ఫ్రాన్స్ 1859లో చట్టంగా పెట్టుకున్న కొలత 435. ఆ కాలపు పద్ధతిలో కూర్చిన పెట్టె అయితే అన్ని మెట్లూ అరస్వరంలో అయిదో వంతు తగ్గి పలకవచ్చు. అది లోపం కాదు, ఆ పెట్టె పుట్టుక. అన్నీ ఒకే మోతాదులో తగ్గి తమలో తాము కలిసి ఉంటే అలాగే వదిలేయండి. పాడేవాళ్లూ తబలావాళ్లూ దాని శ్రుతికి కలుస్తారు. ఎనభై నాలుగు రీడ్లను గీకి యాప్‌కు ఒప్పించే పని పెట్టుకోవద్దు.

మూత వేసే ముందు

పైన కొత్త రంగు పూయాలని చేతులు దురద పెడతాయి. తుడిచి, పలచగా మైనం రుద్దితే చాలు. తర్వాత రోజూ కాసేపు వాయించండి. కదలిక ఉన్న తోలు తొందరగా పెళుసెక్కదు. ఎండ తగలని చోట, ఎలుకకు అందకుండా గుడ్డ కప్పి ఉంచండి.

మూత బిగించే ముందు ఇంకో పనుంది. ఏ తోలు మార్చారో, ఏ మెట్టుకు కొత్త రీడు వేశారో, ఏది ముట్టుకోకుండా వదిలేశారో ఒక చీటీ మీద తేదీతో రాసి లోపల అంటించండి. మీకంటే ముందు ఎవరో పెన్సిల్‌తో వేసిన గుర్తు అక్కడుంటే దాన్ని చెరపకండి. దాని పక్కనే మీ చీటీ. ముప్పై ఏళ్ల తర్వాత ఈ పెట్టె మళ్లీ మూగబోతే, మూత తెరిచినవాళ్లు ముందుగా చదివేది దాన్నే.