సెవ్ర్ పింగాణి

సెవ్ర్ పింగాణి 18వ శతాబ్దములో ఫ్రాన్సు రాజుల పోషణలో తయారై, ఐరోపా అంతటా పేరొందిన అలంకార పింగాణి. పారిస్ సమీపమున ఉన్న సెవ్ర్ అను ఊరి వలన దీనికి ఈ పేరు వచ్చినది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఈ పింగాణి వస్తువులను చూడవచ్చును.

చరిత్ర

ఈ కర్మాగారము 1740లో పారిస్‌కు తూర్పున గల వాన్సెన్ కోటలో ప్రారంభమైనది. 1756లో సెవ్ర్‌కు తరలించబడినది. 1759లో 15వ లూయీ దీనిని కొని రాజ కర్మాగారముగా చేసెను. రష్యా సామ్రాజ్ఞి రెండవ కేథరిన్ 1776లో ఇచట ఒక భారీ భోజన పాత్రల సమితిని చేయించుకొనెను. 1788లో మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ పంపిన రాయబారులకు 16వ లూయీ ఇచ్చిన కానుకలలో కూడ సెవ్ర్ పింగాణి ఉన్నది.

తయారీ

పింగాణికి ముఖ్యమైన ముడిసరుకు కెయోలిన్ అను తెల్లని మట్టి. ఇది తొలుత సెవ్ర్ పనివారికి లభించలేదు. అందువలన ఇసుక, ఉప్పు, పటిక, సోడా మొదలగువాటిని కరిగించి, గాజువంటి ఆ ముద్దను పొడిచేసి, తెల్లని మట్టితో కలిపి పాత్రలు చేసెడివారు. దీనిని మెత్తని పింగాణి అందురు. ఈ ముద్దను మలచుట కష్టము. కాల్చునపుడు పాత్రలు వంగిపోయెడివి. వాడకములో గీతలు కూడ సులభముగా పడును. అయితే రంగులు దీని మెరుగుపూతలో కరిగి కలిసిపోవుట వలన వాటికి లోతైన కాంతి వచ్చును. ఆకాశనీలము, గులాబీ రంగులు ఇందుకు ప్రసిద్ధి.

1768లో లిమోజ్ పట్టణ ప్రాంతమున కెయోలిన్ దొరికినది. పిమ్మట గట్టి పింగాణి తయారీ మొదలైనది. దృఢత్వము పెరిగినది గాని, రంగులకు మునుపటి లోతు రాలేదు.

భోజన పాత్రలు

ఆనాటి రాజభోజనములలో ప్రధాన వంటకములకు ఎక్కువగా వెండి పాత్రలు వాడెడివారు. పండ్లు, మిఠాయిలు వడ్డించు చివరి విడతలో పింగాణిది ముఖ్యస్థానము. పళ్ళెములు, చక్కెర గిన్నెలు, హిమక్రీము గిన్నెలు, ద్రాక్షసారా సీసాలను చల్లబరచు తొట్లు ఒకే రంగులో, ఒకే బంగారు అంచుతో ఒక సమితిగా ఉండెడివి.

గుర్తులు

పాత్ర అడుగున ఒకదానితో ఒకటి పెనవేసుకొన్న రెండు 'ఎల్' అక్షరములు రాజముద్ర. వాటి నడుమ 1753 నుండి సంవత్సరమును తెలుపు అక్షరము వేసెడివారు. 1753కు 'ఏ', 1754కు 'బి' అట్లే వరుసగా సాగినవి. చిత్రకారులకు కూడ వేర్వేరు గుర్తులు ఉండెడివి.

అయితే ముద్రను మాత్రమే చూచి నిర్ణయించరాదు. 1800లో కర్మాగార నిర్వాహకుడైన అలెగ్జాండర్ బ్రోన్యార్ హయాములో, నిలువ ఉన్న బొమ్మలు వేయని పాత మెత్తని పింగాణిని అమ్మివేసిరి. వ్యాపారులు వాటిపై పాత పద్ధతిలో రంగులు వేయించి పాత వస్తువులుగా అమ్మిరి. ముద్రలను అనుకరించుట కూడ జరిగినది. కాబట్టి పాత్ర పదార్థము, రంగు, బంగారు పనితనము, ముద్ర అన్నియు ఒకే కాలమునకు సరిపోవునో లేదో పరిశీలింపవలెను.

హైదరాబాదులో

మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889 - 1949) దేశవిదేశముల నుండి కళావస్తువులు సేకరించెను. ఆయన మరణానంతరము ఆ సేకరణతో 1951లో దివాన్ దేవిడీలో మ్యూజియం ప్రారంభమై, 1968లో మూసీ ఒడ్డున గల ప్రస్తుత భవనమునకు మారినది. ఇందలి ఐరోపా పింగాణిలో సెవ్ర్ వస్తువులతోపాటు జర్మనీ, ఇంగ్లండు దేశముల పింగాణి కూడ ఉన్నందున, వాటి రంగులను పోల్చి చూడవచ్చును.