అరబీ భాషలో దగ్గరి ధ్వనులు: వినడం, పలకడం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు.
- తెలుగువారి చెవికి ఒకటిగా వినిపించే అరబీ హల్లులను వేరుగా గుర్తించడం.
- ప్రతి హల్లు నోటిలో గాని గొంతులో గాని ఎక్కడ పుడుతుందో చెప్పడం.
- తెలుగు, ఉర్దూ అలవాట్ల వల్ల వచ్చే తప్పులను తెలుసుకొని దిద్దుకోవడం.
- దగ్గర ఉపాధ్యాయుడు లేకపోయినా ఇంటి వద్ద సొంతంగా సాధన చేసుకోవడం.

1. పరిచయం

అరబీలో రెండు క్రియలు ఉన్నాయి. తెలుగు లిపిలో రెండింటినీ "దల్ల" అనే రాయాలి. దాల్ అనే అక్షరంతో పలికితే "దారి చూపాడు" అని అర్థం. దాద్ అనే అక్షరంతో పలికితే "దారి తప్పాడు" అని అర్థం. మన చెవికి రెండూ ఒకటే. అరబీ మాట్లాడేవారికి మాత్రం అవి పూర్తిగా వ్యతిరేకమైన మాటలు.

ఇలాంటి జంటలు అరబీలో చాలా ఉన్నాయి. "కల్బ్" అంటే ఒక అక్షరంతో హృదయం, మరో అక్షరంతో కుక్క. "తీన్" అంటే ఒక అక్షరంతో అంజూరపు పండు, మరో అక్షరంతో బురద. "సూర" అంటే ఒక అక్షరంతో ఖురాన్ అధ్యాయం, మరో అక్షరంతో బొమ్మ. సందర్భాన్ని బట్టి ఎదుటివారు సర్దుకొని అర్థం చేసుకోవచ్చు. ప్రతి వాక్యంలోనూ అలా సర్దుకోవలసి వస్తే వినేవారూ అలసిపోతారు, మాట్లాడేవారికీ ధైర్యం తగ్గుతుంది. కనుక ఈ ధ్వనుల సంగతి మొదట్లోనే చూసుకోవడం మంచిది. పాతబడిన అలవాటును మార్చుకోవడం కష్టం.

అరబీలో 28 అక్షరాలు ఉన్నాయి. వాటి ఆకారాలను లిపి పాఠంలో నేర్చుకోవాలి. ఇక్కడ మన పని చెవితో, నోటితో. అందుకే అక్షరాలను పేర్లతోనే పిలుస్తాం. పేర్లు కలిసిపోకుండా కొన్ని గుర్తులు పెట్టుకుందాం. "కల్బ్" (కుక్క)లో ఉన్నది కాఫ్, "కల్బ్" (హృదయం)లో ఉన్నది ఖాఫ్. హకారాలు రెండు: చిన్న హా, పెద్ద హా. తకారాలు రెండు: తేలిక తా, బరువు తా. ఈ పేర్లు గుర్తింపు కోసమే. తెలుగు స్పెల్లింగును చూసి పలికితే పొరపాటు జరుగుతుంది.

2. ఉచ్చారణ స్థానాలు: మనకు తెలిసిన దారి

మన వర్ణమాలలో హల్లులను పుట్టిన చోటును బట్టి అమర్చారు. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అంటూ లోపలి నుంచి పెదవుల దాకా వస్తాం. అరబీ పండితులకూ ఈ ఆలోచన ఉంది. 8వ శతాబ్దంలో బస్రా నగరంలో పనిచేసిన ఖలీల్ బిన్ అహ్మద్ తన నిఘంటువును గొంతు లోపలి నుంచి బయటికి వచ్చే క్రమంలో అమర్చాడు. అది అయిన్ అనే అక్షరంతో మొదలవుతుంది. అందుకే ఆ నిఘంటువుకు "కితాబుల్ అయిన్" అని పేరు. ఆయన శిష్యుడు సీబవైహ్ తన వ్యాకరణంలో హల్లులకు 16 ఉచ్చారణ స్థానాలు చెప్పాడు.

ఒక తేడా గమనించండి. మనం క వర్గాన్ని కంఠ్యాలు అంటాం గాని, "క" నిజానికి నాలుక వెనక భాగం మెత్తని అంగిలిని తాకినప్పుడు పుడుతుంది. అరబీలో అంతకంటె లోపల, కొండనాలుక దగ్గర, దాని కింద గొంతులో పుట్టే హల్లులు ఉన్నాయి. మనకు కొత్తగా అనిపించేవి ముఖ్యంగా ఇవే.

3. గొంతు ధ్వనులు

ఇవి 6. రెండేసి చొప్పున మూడు మెట్లుగా గుర్తు పెట్టుకోండి.

అట్టడుగు మెట్టు: హమ్జా, చిన్న హా. పసిపిల్ల వేడి గిన్నె మీద చెయ్యి పెట్టబోతే "ఆ! ఆ!" అని ఆపుతాం. ఆ రెండు "ఆ"ల మధ్య గొంతు ఒక్క క్షణం మూసుకుంటుంది. ఆ మూతే హమ్జా. చిన్న హా మన హకారానికి దగ్గరిది. దీనికి కొత్తగా శ్రమ అక్కరలేదు.

నడిమి మెట్టు: పెద్ద హా, అయిన్. కళ్లద్దాలు తుడిచే ముందు వాటి మీద నోటితో ఆవిరి కొడతాం. అలా ఊదుతూ, గొంతు నడిమి భాగాన్ని కొద్దిగా బిగించండి. గాలి ఒరుసుకుంటూ వస్తుంది. అదే పెద్ద హా. ఇందులో గరగర ఉండదు, వట్టి ఊపిరి మాత్రమే. ఇప్పుడు గొంతును అదే బిగింపులో ఉంచి, స్వరతంత్రులను మోగించండి. అది అయిన్. పెద్ద హాకు, అయిన్‌కు మధ్య తేడా మన "ప"కు "బ"కు మధ్య ఉన్న తేడా వంటిదే: మొదటిది శ్వాసం, రెండోది నాదం. గొంతు మీద వేళ్లు ఆనించి చూస్తే, అయిన్ పలికేటప్పుడు కంపం తెలుస్తుంది.

పై మెట్టు: ఖా, గయిన్. గొంతులో కళ్లె అడ్డుపడితే మెల్లగా సవరించుకుంటాం. ఆ గరగర ఖా. దానికే నాదం చేరిస్తే గయిన్. నీళ్లు గొంతులో పోసుకొని పుక్కిలించేటప్పుడు వచ్చే శబ్దం దీనికి దగ్గరిది.

ఇక్కడ తెలుగువారు చేసే పెద్ద పొరపాటు ఖా స్థానంలో మన "ఖ", గయిన్ స్థానంలో మన "ఘ" పలకడం. మన "ఖ"లో గాలి మొదట పూర్తిగా ఆగి, తరవాత ఒక్కసారిగా బయటికి వస్తుంది. అరబీ ఖాలో గాలి ఎక్కడా ఆగదు. పరీక్ష సులభం: ధ్వనిని మూడు సెకన్లు సాగదీయండి. సాగితే సరిగా పలికినట్లు. మన "ఖ" అలా సాగదు.

సాధన జంటలు:
- అమల్: హమ్జాతో ఆశ, అయిన్‌తో పని.
- అలమ్: హమ్జాతో నొప్పి, అయిన్‌తో జెండా.
- హరమ్: చిన్న హాతో పిరమిడ్, పెద్ద హాతో పవిత్ర స్థలం.
- ఖైర్ (ఖాతో) మేలు, గైర్ (గయిన్‌తో) మరొకటి.

4. కాఫ్, ఖాఫ్

కాఫ్ అంటే మన "క". ఖాఫ్ పలకడానికి నాలుక వెనక భాగాన్ని ఇంకా వెనక్కి తీసుకుపోయి కొండనాలుక దగ్గర తాకించాలి. "కి, క, కు, కో" అని వరసగా అనండి. నాలుక తాకే చోటు ముందు నుంచి వెనక్కి జరగడం తెలుస్తుంది. ఆ జరుగుదలను ఇంకో అడుగు లోపలికి తీసుకువెళ్లండి.

తెలుగులో ఈ అక్షరాన్ని చాలాకాలంగా "ఖ" అని రాస్తున్నాం: ఖురాన్, ఖతర్. ఈ రాత వల్ల పాఠకుడు ఒత్తి పలకాలనుకుంటాడు. నిజానికి ఖాఫ్‌లో ఒత్తు లేదు. సన్నని కాగితం ముక్కను పెదవుల ముందు పట్టుకోండి. మన "ఖ" అంటే కాగితం ఎగురుతుంది. ఖాఫ్ అంటే దాదాపు కదలకూడదు.

5. బరువైన ధ్వనులు

సాద్, దాద్, బరువు తా, బరువు జా: ఈ 4 హల్లులకు తేలిక జంటలు సీన్, దాల్, తేలిక తా, ధాల్. బరువు జా విషయంలో ఒక వివరం గుర్తుంచుకోండి. పేరులో "జా" ఉన్నా, శుద్ధ అరబీలో అది ధాల్‌కు బరువైన రూపం.

బరువు అంటే గట్టిగా పలకడం కాదు. నాలుక కొన తేలిక జంటకు ఉన్న చోటనే ఉంటుంది. నాలుక వెనక భాగం మాత్రం గొంతు వైపు లాక్కుని కొంచెం పైకి లేస్తుంది. నోటిలో గుహ వంటి ఖాళీ ఏర్పడి, ధ్వని లోతుగా వినిపిస్తుంది.

ఈ బరువును పట్టుకోవడానికి హల్లు కంటె పక్కనున్న అచ్చును వినడం సులువు. సీన్ తరవాతి దీర్ఘం "బ్యాగు"లోని "యా" వైపు వంగుతుంది. సాద్ తరవాతి దీర్ఘం "ఆ"కు, "ఓ"కు మధ్య ఎక్కడో ఉన్నట్లు వినిపిస్తుంది. అరబీ వింటున్నప్పుడు అచ్చు ముదురుగా వినిపిస్తే, పక్కన బరువైన హల్లు ఉందేమో చూడండి.

ఒక హెచ్చరిక. ఇంగ్లీషు అక్షరాలతో అచ్చైన అరబీ పాఠ్యపుస్తకాలలో ఈ బరువు ధ్వనుల కింద చుక్క పెడతారు. భారతీయ భాషలను ఇంగ్లీషు అక్షరాలతో రాసేటప్పుడు ట, డ కింద కూడా చుక్కే పెడతారు. గుర్తు ఒకటే గాని ధ్వనులు వేరు. బరువు తా మన "ట" కాదు, దాద్ మన "డ" కాదు. నాలుక కొన వెనక్కి మడత పడిందంటే తప్పు దారిలో ఉన్నారని అర్థం.

సాధన జంటలు:
- సైఫ్: సీన్‌తో కత్తి, సాద్‌తో వేసవి.
- తీన్: తేలిక తాతో అంజూరం, బరువు తాతో బురద.
- అసీర్: హమ్జా, సీన్‌తో బందీ, అయిన్, సాద్‌తో పండ్ల రసం.

6. థా, ధాల్, జాయ్

థా, ధాల్ పలకాలంటే నాలుక కొన పై పళ్ల అంచును తాకీ తాకకుండా కొద్దిగా బయటికి కనిపించాలి. అద్దంలో చూసుకోండి. కొన కనిపించకపోతే మీరు మన "థ", "ధ" పలుకుతున్నట్లే. థా శ్వాసం, ధాల్ నాదం. "ఇస్మ్" (సీన్‌తో) అంటే పేరు, "ఇథ్మ్" (థాతో) అంటే పాపం.

జాయ్ అనేది సీన్‌కు నాదం చేరిన రూపం. "స్‌స్‌స్" అని సాగదీస్తూ గొంతు మోగించండి. "జాతర"లోని దంత్య జకారం దీనికి దగ్గరగా ఉన్నా, అది "ద్" వంటి అడ్డుతో మొదలవుతుంది. జాయ్‌లో ఆ అడ్డు ఉండదు.

ఇప్పుడు మొదటి ఉదాహరణను పూర్తి చేద్దాం. ఈ 5 క్రియలను పక్కపక్కన పెట్టి పలకండి.
- దల్ల (దాల్): దారి చూపాడు.
- దల్ల (దాద్): దారి తప్పాడు.
- ధల్ల (ధాల్): హీనస్థితికి దిగజారాడు.
- జల్ల (జాయ్): కాలు జారాడు.
- జల్ల (బరువు జా): అలాగే ఉండిపోయాడు.

7. ఉర్దూ మీదుగా వచ్చిన అలవాట్లు

తెలుగులో అరబీ మూలమున్న మాటలు చాలా ఉన్నాయి. ఇవి ఎక్కువగా పారశీకం, ఉర్దూ మీదుగా వచ్చాయి. ఉర్దూ లిపి అరబీ అక్షరాలను నిలుపుకుంది గాని, పలుకుబడిలో వాటిని కలిపేసింది. ఉర్దూలో థా, సీన్, సాద్ మూడూ "స"గానే పలుకుతాయి. ధాల్, జాయ్, దాద్, బరువు జా నాలుగూ ఒకే ధ్వనిగా పలుకుతాయి. హైదరాబాదు దక్కనీలో ఖాఫ్‌ను ఖా లాగా పలకడమూ అందరికీ తెలిసిందే.

"రంజాన్" అనాలా, "రమదాన్" అనాలా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. అరబీ మాటలో ఉన్నది దాద్. పారశీకం, ఉర్దూ దాన్ని "జ" వైపు తీసుకువెళ్లాయి. తెలుగులో "రంజాన్" సరైన మాటే. అరబీ మాట్లాడేటప్పుడు మాత్రం దాద్ పలకాలి. జిల్లా, హాజరు, కాజీ మాటల్లోని "జ" వెనక ఉన్నదీ దాద్‌యే. "కలం", "నకలు"లో ఖాఫ్, "అసలు", "వసూలు"లో సాద్, "కబురు"లో ఖా దాగి ఉన్నాయి. "తాలూకా"లోని దీర్ఘం వెనక జారిపోయిన అయిన్ ఉంది. తెలిసిన మాటతో జోడిస్తే ఏ మాటకు ఏ అక్షరమో గుర్తుంటుంది.

గల్ఫ్ దేశాల్లో పనిచేసి వచ్చినవారు మీ ఇంట్లో ఉంటే, వారి పలుకుబడి కొంత వేరుగా ఉండవచ్చు. గల్ఫ్ వాడుకలో ఖాఫ్ చాలాచోట్ల "గ" అవుతుంది, దాద్, బరువు జా కలిసిపోతాయి. కైరో వాడుకలో ఖాఫ్ హమ్జాగా మారుతుంది. అవి తప్పులు కావు, మాండలికాలు. ఈ పాఠంలో చెప్పినది శుద్ధ అరబీ ఉచ్చారణ.

8. సాధన చేసే పద్ధతి

మొదట చెవి, తరవాత నోరు. వినిపించని తేడాను పలకలేం. ఒక జంటను ఎంచుకొని, దాన్ని అరబీ తెలిసినవారి చేత ఫోనులో రికార్డు చేయించుకోండి. రెండు మాటలనూ కలగాపులగంగా 10 సార్లు చెప్పించి, ఏది ఏదో కాగితం మీద రాయండి. ఊరికే ఊహించి రాసినా దాదాపు 5 సరిపోతాయి. కనుక 6, 7 వచ్చాయని సంతోషించకండి. 9 గాని 10 గాని వచ్చాకే పలకడం మొదలుపెట్టండి.

తరవాత మీ గొంతును రికార్డు చేసి, పాఠంతో పోల్చుకోండి. రోజుకు 10 నిమిషాలు, ఒకే జంట చాలు. ముందుగా కాఫ్, ఖాఫ్. తరవాత హకారాలు, ఖా. ఆ పైన అయిన్. చివరగా బరువు ధ్వనులు. గొంతు నొప్పి పుడితే ఆపండి. నొప్పి వచ్చిందంటే సరైన చోటును వదిలి బలం వాడుతున్నారన్నమాట.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పెద్ద హాకు, అయిన్‌కు మధ్య తేడా ఏమిటి?
2. అరబీ ఖాను మన "ఖ" నుంచి వేరు చేసే సులభమైన పరీక్ష ఏది?
3. బరువు తా పలికేటప్పుడు నాలుక కొన ఎక్కడ ఉండాలి?

సారాంశం

అరబీలో దగ్గరగా వినిపించే హల్లులు అర్థాన్ని మారుస్తాయి. గొంతు ధ్వనులు 6, మూడు మెట్లలో పుడతాయి. ఖాఫ్ కొండనాలుక దగ్గర, ఒత్తు లేకుండా పుడుతుంది. బరువు ధ్వనులలో నాలుక వెనక భాగం గొంతు వైపు లాక్కుంటుంది; పక్కనున్న అచ్చు ముదురుతుంది. తెలుగు మహాప్రాణాలను, ట, డ లను వీటి బదులు వాడకూడదు. ముందు వినడం, తరవాత పలకడం అనే క్రమంలో సాధన సాగాలి.

ప్రగతి ప్రశ్నలకు సమాధానాలు

1. రెండూ ఒకే చోట పుడతాయి. పెద్ద హా శ్వాసం, అయిన్ నాదం.
2. ధ్వనిని సాగదీసి చూడటం. ఖా సాగుతుంది, మన "ఖ" సాగదు.
3. తేలిక తాకు ఉన్న చోటనే. వెనక్కి మడత పడకూడదు.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. అరబీ గొంతు ధ్వనులను ఉచ్చారణ స్థానాల ఆధారంగా వివరించండి.
2. బరువైన ధ్వనులను పలకడంలో తెలుగు విద్యార్థులకు ఎదురయ్యే ఇబ్బందులను ఉదాహరణలతో చర్చించండి.
3. తెలుగులోకి వచ్చిన ఏవైనా 5 అరబీ మాటలను తీసుకొని, వాటి మూల హల్లులు ఎలా మారాయో రాయండి.