నవల్లో ఓబులమ్మ ఎక్కడుంది?

2022లో బెంగళూరులో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లాను. టెక్నికల్ రౌండ్ గట్టెక్కేశాను. హెచ్‌ఆర్ రౌండ్ అంటే ఏముంది, 'మీ గురించి చెప్పండి'తో మొదలై జీతం దగ్గర ముగుస్తుందనుకున్నా. నా రెజ్యూమెలో హాబీల కింద 'పుస్తకాలు చదవడం' అని ఉంది. కాలేజీలో సీనియర్ ఇచ్చిన ఫార్మాట్లోనే ఆ లైను ఉండింది, నేను తీసెయ్యలేదు, అంతే. ఎదురుగా కూర్చున్నాయన తెలుగువాడు. ఈమధ్య ఏం చదివావని అడిగాడు. ఠక్కున 'కొండపొలం' అన్నాను.

నిజానికి నేను చూసింది సినిమా. 2021 అక్టోబరులో, దసరా ముందు, తిరుపతిలో నాయనతో కలిసి చూశా. ఆ ధైర్యంతో కథ చెప్పుకుంటూ పోయాను: కరువు, గొర్రెలు, నల్లమల, పెద్దపులి, ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం దొరక్క ఇంటికొచ్చిన రవి. అక్కడితో ఆగుంటే బతికిపోయేవాణ్ని. 'ఓబులమ్మ పాత్ర నాకు చాలా నచ్చింది సార్' అన్నాను. ఆయన నవ్వి, 'నవల్లో ఓబులమ్మ ఎక్కడుంది బాబూ?' అన్నాడు.

లేదు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన నవలలో ఆ అమ్మాయి లేదు. రకుల్‌ప్రీత్ సింగ్ వేసిన ఆ పాత్ర సినిమా కోసం పుట్టింది. ఉద్యోగం పోయింది ఓబులమ్మ వల్లేనని చెప్పలేను గానీ, ఆ సాయంత్రం మెజెస్టిక్‌లో బస్సెక్కినప్పటి నుంచి మొగిలి ఘాట్ దిగేదాకా నా చెవుల్లో ఆ ఒక్క ప్రశ్నే. అబద్ధం దొరికిపోయిన సిగ్గు ఒకెత్తు. చదవకుండానే 'నాకు తెలుసు' అని నేనే నిజంగా నమ్మడం ఇంకో ఎత్తు.

మరుసటి వారం పుస్తకం కొన్నాను. 2019లో తానా నవలల పోటీలో బహుమతి గెలిచిన నవల అది. రచయితది కడప జిల్లా. వానలు మొహం చాటేసి ఊళ్లో మేత, నీళ్లు కరువైనప్పుడు గొర్రెల కాపరులంతా మందలు కలుపుకొని నల్లమల కొండల్లోకి వెళ్లి, వారాల తరబడి అక్కడే ఉండి రావడాన్ని 'కొండపొలం' అంటారు. క్రిష్ దర్శకత్వంలో వచ్చిన సినిమా కూడా ఇదే చూపించింది. అడవిని బాగా తీశారు, కీరవాణి సంగీతమూ తోడైంది. షూటింగ్ ఎక్కువగా వికారాబాద్ అడవుల్లో జరిగింది. అయినా థియేటర్లో కూర్చున్న నాకు అది నల్లమలే.

తేడా నాకు భయం దగ్గర తెలిసింది. సినిమా తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది పులికి ఎదురు నిలబడ్డ హీరో. అది అయిదు నిమిషాల పని. పుస్తకంలో భయం అంత తొందరగా పోదు. పేజీలు తిప్పుతున్నా పోదు. రాత్రి కాపలా, నీళ్ల కోసం వెతుకులాట, తప్పిపోయిన గొర్రె, పెద్దకాపరులు చెప్పే అనుభవాలు... రోజుకింత, రోజుకింత అరిగిపోతుంది. అప్పటికి నేను తొమ్మిది ఇంటర్వ్యూల్లో పోయి ఉన్నాను. ఎక్కడో ఒక క్లైమాక్స్ సీన్ వస్తుంది, దాంతో అంతా మారిపోతుందని ఎదురుచూస్తున్న మనిషిని. రోజువారీ గొడ్డుచాకిరీని వరుసగా చదివినప్పుడే, నేను చూస్తున్న ఎదురుచూపులో తప్పేంటో నాకు అర్థమైంది. ఈ మాట సినిమా చెప్పలేదని కాదు. చెప్పే టైం దానికి లేదు.

మేం ఇంజనీర్లం కదా, లెక్క వేసుకుందాం. స్క్రీన్‌ప్లే ఒక పేజీ అంటే తెర మీద సుమారు ఒక నిమిషం అని సినిమావాళ్లు చెప్పుకునే ఉజ్జాయింపు. రెండున్నర గంటల సినిమాకి 150 పేజీలు. పేజీలో సగం ఖాళీనే కాబట్టి 120 మాటలనుకుంటే మొత్తం 18 వేలు. మూడు వందల పేజీల నవలకి పేజీకి 200 మాటలేసుకున్నా 60 వేలు. అంటే మాటల్లో మూడింట రెండొంతులకు పైగా ఎటో పోవాలి. కొన్నింటి పని కెమెరా చేస్తుంది. కొండ ఎలా ఉందో పేజీడు రాయాల్సిన పని దానికి లేదు, ఒక షాట్ చాలు. మిగతావి మాత్రం పారేయాల్సిందే. ఫొటోని జేపెగ్‌గా సేవ్ చేస్తే జరిగేది ఇలాంటిదే. కన్ను పెద్దగా పట్టించుకోదనుకున్న వివరాలను పారేసి ఫైలు సైజు తగ్గిస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, పారేసింది మాత్రం తిరిగి రాదు. కాకపోతే ఈ పోలిక ఒకచోట కుంటుతుంది. జేపెగ్ ఫొటోలో లేని మనిషిని తెచ్చి పెట్టదు. సినిమా పెడుతుంది. ఓబులమ్మ కంప్రెషన్ కాదు, కొత్త ఫీచర్!

ఇది ఇప్పటి రోగమేం కాదు. డిగ్రీ తెలుగు పరీక్షకి ముందురోజు 'కన్యాశుల్కం' సినిమా చూసి వెళ్లిన స్నేహితుడొకడున్నాడు నాకు. గురజాడ నాటకం 1892లో విజయనగరంలో తొలిసారి ఆడింది, 1897లో అచ్చయింది, 1909లో ఆయనే బాగా పెంచి తిరగరాశారు. పూర్తిగా ఆడితే గంటల కొద్దీ సాగే నాటకాన్ని పి.పుల్లయ్య 1955లో సినిమాగా తీశారు. ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి. మావాడు జవాబులో పూర్ణమ్మ కథని నాటకంలో భాగంగా రాసొచ్చాడు! పూర్ణమ్మ గురజాడదే, కానీ విడిగా రాసిన గేయం. సినిమావాళ్లు తెచ్చి కలిపారు. కన్యాశుల్కం దురాచారం మీదే రాసిన గేయం కాబట్టి అతికింది కూడా. శ్రీశ్రీ కవితనూ పాటగా వాడారు ఆ సినిమాలో. గురజాడ పోయేనాటికి శ్రీశ్రీకి అయిదేళ్లు. దాన్ని కూడా గురజాడకే అంటగట్టి ఉంటాడేమో, అడిగితే చెప్పడు.

మరి సినిమాకి ఏది నప్పుతుంది? నన్నడిగితే చిన్న కథ. శ్రీరమణ 'మిథునం' ఒక కథ మాత్రమే. బాపుకి ఎంత నచ్చిందంటే మొత్తం తన చేత్తో రాశారు. దాన్ని ఎం.టి.వాసుదేవన్ నాయర్ 2000లో మలయాళంలో 'ఒరు చెరు పుంచిరి'గా, తనికెళ్ల భరణి 2012లో తెలుగులో ఎస్పీ బాలు, లక్ష్మిలతో తీశారు. కోసి పారేసే అవసరం లేదు, నింపడానికి జాగా ఉంది.

నాయన సంగతి చెప్పాలి. ఆయన పాల వ్యాను డ్రైవరు. మా అబ్బకి పలమనేరు వైపు గొర్రెలుండేవి. ఒక కరువు ఏడు అన్నీ అమ్మేశారని మాత్రం నాకు తెలుసు. థియేటర్ నుంచి బయటికొచ్చాక 'బాగుంది' అన్నాడు, అంతే, పరోటా తిని ఇంటికొచ్చేశాం. నవల చదివేటప్పుడు కడప యాసలో ఒక మాట అర్థంగాక ఆయన్నే అడిగాను. చెప్పాడు. తర్వాత పేజీ పైకి చదవమన్నాడు. రెండో రోజు తానే 'యాడిదాకా వచ్చినావు' అని అడిగాడు. చదువుతుంటే మధ్యలో ఆపి, వానకాలం మూతివాపు వచ్చిన గొర్రె మేత ముట్టదని, రాగంబలి కాచి నోట్లో పోసి కాపాడేవాళ్లమని చెప్పాడు. అమ్మేసిన రోజు అబ్బ అన్నం తినలేదని కూడా. ఇరవై ఆరేళ్లు ఒకే ఇంట్లో ఉండి నేను వినని మాటలవి. తెర మీద కథ ఆయన కోసం ఆగదు. పుస్తకమైతే నేను వేలు పెట్టి ఆపేవాణ్ని.

మా చిన్నాయన కొడుకు బీటెక్ మూడో ఏడు. వాడి వాదన వాడిది: 'అన్నా, రెండున్నర గంటల్లో అయిపోయేదానికి రెండు వారాలు ఎందుకన్నా?' వాణ్ని తిట్టబుద్ధి కాలేదు. సినిమా లేకపోతే నాకు ఆ నవల పేరే తెలిసేది కాదు. వాడికి నేను చెప్పింది ఒకటే. రెజ్యూమెలో ఆ లైను ఉంచుకుంటే ఉంచుకో, సినిమా చూసి పుస్తకం పేరు మాత్రం చెప్పొద్దు. 'సినిమా చూశాను, నవల ఇంకా చదవలేదు' అంటే ఎవరూ ఉరి తీయరు. రెండూ అయ్యుంటే ఇంకా మంచిది, ఏది మార్చారో, ఎందుకు మార్చి ఉంటారో మాట్లాడొచ్చు. అలా పది నిమిషాలు గడిచిన ఇంటర్వ్యూ నాకు తర్వాత ఒకటి దొరికింది. ఇప్పుడు చేస్తున్న టెస్టింగ్ ఉద్యోగం అదే.

వాడి చేతిలో ఇప్పుడు ఇంకో అడవి పుస్తకం పెట్టాను. డాక్టర్ కేశవరెడ్డి రాసిన 'అతడు అడవిని జయించాడు'. ఆయన మన చిత్తూరు జిల్లా తలపులపల్లె మనిషి. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ నవలలు రాశారు, 2015లో కన్నుమూశారు. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లిన ఒక ముసలాయన కథ. చిన్న పుస్తకం, రెండు రాత్రులు చాలు. దీని ముగింపు చూసి చెప్పడానికి థియేటర్‌కి వెళ్లే దారి లేదు. నాలుగు రోజులైంది. నిన్న ఫోన్ చేసి, 'అన్నా, ముసలాయన ఇంటికొస్తాడా లేదా, అది చెప్పు చాలు' అన్నాడు.

చెప్పలేదు. పక్కనే కూర్చున్న నాయన, ఆ పుస్తకం వాడి దగ్గర్నుంచి ఎప్పుడొస్తుందని అడిగాడు.