‘నైట్ అండ్ ఫాగ్’ డాక్యుమెంటరీ: కెమెరా, కూర్పు పద్ధతులు

డాక్యుమెంటరీకి ఆధారం యథార్థం. అయితే ఘటన ముగిసిపోయి, అది జరిగిన స్థలం మాత్రమే మిగిలినప్పుడు కెమెరా దేనిని చూపాలి? ఫ్రెంచి దర్శకుడు అలెన్ రెనె 1955లో రూపొందించిన ‘నైట్ అండ్ ఫాగ్’ ఈ ప్రశ్నకు సాంకేతికంగా సమాధానం చెప్పింది.

నాజీ నిర్బంధ శిబిరాలను గురించిన ఈ చిత్రం నిడివి సుమారు 32 నిమిషాలు. ఇందులో దృశ్యాలు రెండు విధాలు. ఆష్విట్జ్, మైదానెక్ శిబిరాలలో కొత్తగా తీసిన రంగుల దృశ్యాలు మొదటివి. పాత నలుపు తెలుపు ఛాయాచిత్రాలు, చలనచిత్ర భాగాలు రెండవవి.

రంగుల భాగాలలో కెమెరా పట్టాలపై నెమ్మదిగా సాగుతుంది. దీనిని ట్రాకింగ్ షాట్ అంటారు. పచ్చగడ్డి, ముళ్ళకంచె, ఖాళీ పడకల వరుసలు కనిపిస్తాయి, మనుషులు కనిపించరు. కూర్పులో వీటి పక్కనే పాత దృశ్యాలు చేరడం వల్ల ఆ ఖాళీ పడకలపై మనుషులను ప్రేక్షకుడే ఊహించుకుంటాడు. శిబిరం నుండి ప్రాణాలతో బయటపడిన కవి జాఁ కేరొల్ రాసిన వ్యాఖ్యానం ఆవేశం లేకుండా సాగి, ఈ ఊహకు తోడ్పడుతుంది.

ఫ్రాన్సులోని పితివియే శిబిరపు ఛాయాచిత్రం ఒకటి ఇందులో ఉంది. అందులో కాపలా ఉన్న ఫ్రెంచి పోలీసు టోపీ కనిపించరాదని సెన్సారు పట్టుబట్టింది. దానితో దూలం వంటి ఆకారాన్ని గీసి ఆ టోపీని కప్పారు. కప్పినది చిన్న టోపీయే అయినా, మరుగుపడినది నాజీలకు ఫ్రెంచి యంత్రాంగం అందించిన సహకారం. కనుక డాక్యుమెంటరీని పరిశీలించేవారు చూపినదానితో పాటు కప్పినదానిని కూడా సాక్ష్యంగా స్వీకరించవలసి ఉంటుంది.